డంపర్‌కు పెట్టిన రెండు ఎర్ర దీపాలు

మొన్న కంటి దవాఖానలో నన్ను ఒక డబ్బా ముందు కూర్చోబెట్టారు. లోపల తెల్లటి గిన్నెలాంటిది ఉంది. గడ్డం ఒకచోట ఆనించి, ఎదురుగా ఉన్న చుక్కనే చూస్తుండమన్నారు, కన్ను అటూ ఇటూ కదపొద్దన్నారు. పక్కల ఎక్కడో ఒకచోట చిన్న వెలుగు మెరిసి ఆరిపోతుంది, అది కనబడినప్పుడల్లా చేతిలోని మీట నొక్కాలి. అంతే పరీక్ష. ఆ పరీక్ష చేసే పిల్ల "పెద్దమ్మా, ఫికర్ చెయ్యకు, తప్పు నొక్కినా ఏం గాదు" అంది. నా ఫికర్ పరీక్ష గురించి కాదు. ఆ వెలుగు ఒక పక్క మెరిసి ఆరి, ఇంకో పక్క మెరుస్తుంటే నా చెయ్యి మీట మీద అట్లాగే ఉండిపోయింది. "ఏంది పెద్దమ్మా, నిద్రవోతున్నవా?" అని ఆ పిల్ల నా భుజం తట్టింది. నిద్ర కాదు బిడ్డా అన్నాను గానీ మిగతాది చెప్పలేదు. చెప్పాలంటే రాష్ట్రం కోసం చేసిన సమ్మె దగ్గర మొదలుపెట్టాలి, నా వెనక ఇంకా చాలామంది వరుసలో కూర్చున్నారు. ఇప్పుడు ఇంట్లో తీరుబడిగా కూర్చొని చెబుతున్నాను. నాకు సంతకం తప్ప రాత రాదు కాబట్టి పక్కింటి కోడలు రాస్తోంది.

మా ఆయన గోదావరిఖని దగ్గర, పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్ట్ బొగ్గుగనిలో డంపర్ నడిపేవాడు. డంపర్ అంటే తెలియనివాళ్ళు లారీ అనుకుంటారు. లారీ దాని ముందు పిల్ల. చక్రమే మనిషిని మించిన ఎత్తు ఉంటుంది, నిచ్చెన ఎక్కితే గానీ డ్రైవర్ సీటు అందదు. బొగ్గు మీద ఉన్న మట్టిని నింపుకొని, గుట్టలాగా పోసిన మట్టి మీదికి ఎక్కించి, అంచు దాకా వెనక్కి నడిపి కిందికి గుమ్మరించాలి. ఆ అంచు దగ్గర ఒక మనిషి నిలబడి చేత్తో, పొద్దు వాలితే టార్చితో సైగ చేస్తాడు: రా, రా, ఇక ఆగు, అని. ఆ మనిషి చక్రం వచ్చే తోవలో నిలబడకూడదు. పక్కకు జరిగి, దూరంగా, కుడి అద్దంలో డ్రైవర్‌కు కనబడేటట్టు నిలబడాలి. అతను కనబడలేదంటే డ్రైవర్ బండి ఆపెయ్యాలి. ఏనాడూ గని మెట్టు దిగని నాకు కూడా ఈ పద్ధతంతా నోటికి వచ్చు, ఎందుకంటే ఆ సైగ చేసే పని నా సొంత తమ్ముడిది. బావది, బావమరిదిది ఒకటే షిఫ్టు. ఒకటే బైకు మీద పోయేవాళ్ళు, తమ్ముడు నడిపేవాడు, మా ఆయన వెనక కూర్చొని దారి పొడుగునా అతని డ్రైవింగును తిట్టేవాడు. "బర్రెను తోల్కపోయినట్టు తోల్తున్నవేందిరా" అని ఈయన, "డంపర్ అనుకున్నవా బావా, ఇది దెబ్బకు ఎగుర్తది" అని వాడు. వాళ్ళ మాటలు వీధి మలుపు తిరిగేదాకా వినబడేవి.

సమ్మె వానాకాలం చివర్లో మొదలైంది. రాష్ట్రం ఇచ్చేదాకా గనిలో దిగేది లేదన్నారు. మధ్యాహ్నం గనిలో బ్లాస్టింగ్ చేసి రాళ్ళు పేల్చే వేళకు మా కాలనీ ఇళ్ళల్లో గూట్లో గిన్నెలు గలగలమనేవి, గోడకున్న అద్దం ఊగేది. అది ఆగిపోయింది. ఆగిపోయినా కొన్నాళ్ళు ఆ వేళకు నా చెయ్యి దానంతటదే పోయి అద్దాన్ని పట్టుకునేది. వానలకు జామ ఆకుల మీది నల్లటి దుమ్ము కడుక్కుపోయి, మళ్ళీ పడలేదు. మగవాళ్ళు పగలంతా సమ్మె శిబిరంలో కూర్చొని వచ్చి, ఏం చేయాలో తోచక ఆడవాళ్ళ పనుల్లో వంకలు పెట్టేవాళ్ళు. మా ఆయన ఒకరోజు నేను వంకాయ కోస్తుంటే పక్కన కూర్చొని "గింత పెద్ద ముక్కలా?" అన్నాడు. ఈయనకు ఏదో ఒక పని దొరక్కపోతే సమ్మె సంగతి ఏమో గానీ నా సంసారం తెగేటట్టుందనుకున్నాను.

ఆ పని దేవుడిచ్చినట్టే వచ్చింది. శిబిరం ముందర బల్ల మీద పెట్టడానికి ఒక డంపర్ బొమ్మ కావాలన్నారు. గని ఆగింది, డంపర్ ఆగింది అని రోడ్డున పోయేవాళ్ళకు దూరం నుంచే తెలియాలి, దానికి లైట్లు మెరవాలి. డంపర్ సంగతి డ్రైవర్‌కు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుందని మా ఆయన మీద పెట్టారు. ఆయన ఎక్కడి నుంచో కూలర్ వచ్చిన అట్టపెట్టె తెచ్చాడు. దాన్ని కోసి, మడిచి, వెనక తొట్టి, ముందర డ్రైవర్ గది, నిచ్చెన, అన్నీ పెట్టాడు. చక్రాలకు నా పచ్చడి డబ్బాల మూతలు పోయాయి. డంపర్ రంగు పసుపు, అందుకే నా దగ్గర ఉన్న పసుపు రంగు చీర పెట్టె అడుగున దాచుకున్నాను, దానికి కూడా అదే గతి పడుతుందేమోనని. అయ్యేసరికి ఆ బొమ్మ మంచం వెడల్పు అంతయింది. తలుపులోంచి బయటికి పోదని నేనంటే, పక్కకు తిప్పితే పోతుందన్నాడు.

లైటు పని తమ్ముడిది. వాడికి చిన్నప్పటి నుంచి రేడియోలు విప్పే పిచ్చి ఉంది. చౌరస్తాలో టీవీలు బాగు చేసే దుకాణం నుంచి చిన్న పొట్లం కట్టించుకొని తెచ్చాడు. రెండు ఎర్ర ఎల్‌ఈడీ బుడ్లు, రంగుగీతల గింజలు కొన్ని, చిన్న చిన్న డబ్బాలు రెండు, మూడు కాళ్ళ నల్ల పురుగుల్లాంటివి రెండు. వాటిని రెసిస్టర్లు, కెపాసిటర్లు, ట్రాన్సిస్టర్లు అంటారట. వాడు అట్టముక్కకు నా గోనె కుట్టే సూదితో బెజ్జాలు పొడిచి, ఒక్కొక్క దాని కాళ్ళు అందులోంచి దూర్చి, వెనకనుంచి టంకం పెట్టి కలిపేవాడు. అది ఎందుకు మెరుస్తుందని అడిగితే చెప్పాడు. "అక్కా, నువ్వు రెండు బిందెలు పెట్టుకోని దీంట్ల నీళ్ళు దాంట్లకు, దాంట్లయి దీంట్లకు ఒంపుతున్నవనుకో. ఇది నిండితే గది ఖాళీ, గది నిండితే ఇది ఖాళీ. నిండిన దిక్కు దీపం ఆర్తది, రెండో దిక్కు వెలుగుతది." నల్లా రాని రోజుల్లో నా బతుకంతా అదే పని కాబట్టి నాకు వెంటనే అర్థమైంది. బొగ్గు ఆగేసరికి కరెంటు కోతలు పెరిగి, టంకం కడ్డీ వేడెక్కేలోపే కరెంటు పోయేది. మా సమ్మె మా టంకానికే అడ్డం వచ్చిందని వాడు నవ్వేవాడు. ఒకరోజు గీతల గింజ ఒకటి కనబడక ఇల్లంతా వెతికారు. చివరికి నేనే దాన్ని బియ్యంలో రాయనుకొని ఏరి వాకిట్లో పారేశానని తేలింది. "నీ పెండ్లాన్ని ఫోర్‌మన్‌గ పెడ్తే గని నడిసినట్టే బావా" అని వాడు, "నీకు అక్క, నాకేం గావాలె" అని ఈయన.

అన్నీ బిగించిన రోజు సాయంత్రం, పొద్దు గూట్లో పడుతుండగా, బొమ్మను వరండాలో మంచం మీద పెట్టారు. డంపర్ ఎడమ కొసకు ఒక ఎర్ర బుడ్డి, కుడి కొసకు ఒకటి. ఒకటి ఆరితే ఒకటి వెలగాలి. మా ఆయన దానికి ఎదురుగా, దగ్గరగా, గొంతు కూర్చున్నాడు. తమ్ముడు వెనక నుంచి బ్యాటరీ తగిలించాడు. ఎడమది మెరిసి ఆరింది, కుడిది మెరిసి ఆరింది. చేతిలో చాట పట్టుకొనే నేను నవ్వేశాను.

"ఒకటే వెలుగుతున్నది" అన్నాడు మా ఆయన.

"ఏది బావా?"

"ఎడమ దిక్కుది. కుడిది సచ్చింది." అని తల కుడివైపు తిప్పాడు. "అరె, ఇప్పుడు ఇది వెలుగుతున్నది. గదెందుకు ఆగింది?"

రెండూ వెలుగుతున్నాయి కదా అని నేను నోరు తెరిచేలోపే తమ్ముడు అందుకున్నాడు. "ఔ బావా, టంకం అంటలేదు. లూజున్నది. నా చేతులు పాడుగాను."

"నువ్వు రేడియోలు గిట్లనే బాగుజేస్తవారా? అందుకే నీ ఇంట్ల రేడియో ఎప్పుడు సూడు గురకవెడ్తది."

వాడు నవ్వి, వైర్లు విప్పి, కడ్డీ వేడి చేసి మళ్ళీ టంకం పెట్టాడు. మళ్ళీ తగిలించాడు. ఈసారి మా ఆయన బొమ్మకు నడిమధ్యన ముఖం పెట్టి, కళ్ళు సూటిగా నిలిపి చూశాడు. "రెండూ ఆరినయిరా" అన్నాడు. నేను ఆయన పక్కనే నిలబడి ఉన్నాను. ఎడమ దీపం మెరిసినప్పుడు ఆయన ఎడమ చెంప ఎర్రబడుతోంది, కుడిది మెరిసినప్పుడు కుడి చెంప ఎర్రబడుతోంది. ఆ ముఖం మీద వెలుగు అటూ ఇటూ మారుతూనే ఉంది, ఆ ముఖం మాత్రం ఆరిపోయిన దీపాల కోసం వెతుకుతోంది. తమ్ముడు తల ఎత్తకుండా, "వైరు గింత దూరం గుంజితే బలం పోతున్నది బావా. రెండిట్నీ డ్రైవర్ గది మీద పక్కపక్కన పెడ్త" అన్నాడు. కొసల్లోంచి రెండింటినీ పీకి, వేలెడు దూరంలో గది మీద గుచ్చాడు. అప్పుడు మా ఆయన ముఖం విప్పారింది. "ఆఁ! ఇప్పుడైతున్నది. సూసినవా, వైరు పొడుగైతే గంతే" అని చప్పట్లు కొట్టాడు.

తమ్ముడు పోయాక అన్నం పెట్టాను. నీళ్ళ గ్లాసు ఎప్పటిలాగే ఆయన కుడి మోకాలి పక్కన పెట్టాను. కాసేపటికి "నీళ్ళు పెట్టలేదేంది?" అన్నాడు. అప్పుడు ఒక్కొక్కటే నా కళ్ళముందు నిలబడ్డాయి. గుమ్మం కమ్మీకి భుజం కొట్టుకోవడం, నీళ్ళ బకెట్‌ను తన్నుకోవడం, పక్కన నడిచే మనిషి పలకరిస్తే ఉలిక్కిపడటం. ఎదురు క్వార్టర్ ఆమె ఒకసారి "మీ ఆయన పొద్దుగాలనే ఏసుకుంటున్నడా?" అని కూడా అడిగింది. చుక్క ముట్టని మనిషి. తల ఇట్లా, అట్లా కోడిలాగా తిప్పుకుంటూ నడవడం గర్వమనుకున్నవాళ్ళు కూడా ఉన్నారు.

"నీకు పక్కకు కనవడ్తలేదు గదా?" అన్నాను.

ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగింది. "ఎదురుంగ మంచిగనే కనవడ్తది. మొన్న దవాఖానల అక్షరాలన్ని సదివిన."

"పక్కకో?"

"పక్కకు తలకాయ తిప్పుత."

"ఎన్నాళ్ళ సంది?"

"ఎప్పుడు పోయిందో నాకే ఎర్కలేదే. సూస్తే లేదు." కంచం పక్కకు జరిపి, "మీ తమ్మునికి చెప్పకు" అన్నాడు.

బయటివాళ్ళకు ఇది అర్థం కావడానికి ఒక మాట చెప్పాలి. ఆ రోజుల్లో మా కాలనీలో కొడుకులున్న ముసలి కార్మికులు అన్‌ఫిట్ కావాలని దేవుళ్ళకు మొక్కుకునేవాళ్ళు. డాక్టర్లు పనికిరాడని తేలిస్తే ఆ ఉద్యోగం కొడుక్కు వస్తుంది. లేని నడుము నొప్పి, లేని ఆయాసం తెచ్చుకొని తిరిగేవాళ్ళు. మాకు పిల్లలు కలగలేదు. మా ఆయన అన్‌ఫిట్ అయితే ఉద్యోగం తీసుకునేవాళ్ళు ఎవరూ లేరు. ఇల్లు ఖాళీ చేసి ఎక్కడికి పోవాలి, ఏం తినాలి? ఇవన్నీ ఒక ఎత్తు. స్టీరింగు లేని ఆయన్ను ఆయనే ఊహించుకోలేకపోయేవాడు, అది ఇంకో ఎత్తు. ఊరంతా అన్‌ఫిట్ కావాలని తిరుగుతుంటే, నిజంగా అన్‌ఫిట్ అయిన మనిషి మా ఇంట్లో ఫిట్‌గా కనబడటానికి తల తిప్పుకుంటూ తిరిగాడు. ఇటు చూస్తే ఆయన. అటు చూస్తే, ఆయన వెనక్కి నడిపే బండి చక్రాల దగ్గర నిలబడే నా తమ్ముడు. నాకు ఏ పక్కకు ఒరగాలో తెలియలేదు.

డంపర్ బొమ్మ శిబిరంలో బాగా పేరు తెచ్చుకుంది. బతుకమ్మ ఆడి వస్తున్న ఆడవాళ్ళు ఆగి చూసిపోయేవాళ్ళు. మా ఆయన దాని పక్కనే కుర్చీ వేసుకొని, డంపర్ ఎట్లా వెనక్కి నడపాలో రోడ్డున పోయేవాళ్ళకు చెప్పేవాడు. అందరూ రాష్ట్రం జల్ది రావాలని మొక్కుకుంటుంటే, నేను మాత్రం సమ్మె ఇంకొన్నాళ్ళు సాగాలని మొక్కుకున్నాను. బయటికి చెబితే కొట్టేవాళ్ళు. కానీ ఎల్లకాలం సాగే సమ్మె ఉంటుందా. ఒకరోజు ఆపేస్తున్నామన్నారు. రాష్ట్రం రాలేదు, సమ్మె అయిపోయింది. తెల్లవారి మొదటి షిఫ్టుకు డ్యూటీ.

ఆ తెల్లవారి పొద్దున్నే నేను తమ్ముడి క్వార్టర్‌కు పోయాను. మరదలు నీళ్ళకు పోయింది. వాడు బూట్లకు పట్టిన బూజు గీకుతున్నాడు. ఎట్లా మొదలుపెట్టాలో తెలియక సూటిగా అనేశాను. "మీ బావకు పక్కలు కనవడ్తలేవురా."

వాడు గీకడం ఆపలేదు. "నాకెర్కే అక్కా."

"ఏమెర్క?"

"నిరుటి సంది ఎర్క. సైగ చేస్తే ఆగకపోయేటోడు, గప్పుడే తెలిసింది. దీపాలు సుత గందుకే దగ్గెర వెట్టిన. టంకం మంచిగనే ఉండె."

వాడు చెప్పుకుపోయాడు. పక్కకు నిలబడితే బావకు కనబడడు. అద్దంలో సూటిగా కనబడే చోటు ఒక్కటే ఉంది, అక్కడ నిలబడుతున్నాడట. "గక్కడ నిలవడ్తె బావకు మంచిగ కనవడ్త. విజిల్ సుత కొడ్త."

"గక్కడ అంటే ఎక్కడరా?"

వాడు బూటు తిప్పి రెండో పక్క గీకడం మొదలుపెట్టాడు. నాకు పద్ధతి నోటికి వచ్చని చెప్పాను కదా. అద్దంలో సూటిగా కనబడే చోటంటే కుడి చక్రం వచ్చే తోవ. "చక్రం ముంగట నిలవడ్తున్నవారా?"

"బావకు చెప్పకు అక్కా. ఆయన పానం స్టీరింగుల ఉన్నది."

"నీ పానం దేంట్ల ఉన్నదిరా, మరి?" అని అరిచాను. ఆ అరుపుకు పక్కింటివాళ్ళు తలుపు తీసి చూశారు.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన తలకు నూనె పెట్టుకొని, చాలా రోజులకు పెళ్ళికి పోతున్నట్టు బూట్లు తొడుక్కుంటున్నాడు. నేను ఏడవలేదు, బతిమాలలేదు. టిఫిన్ గిన్నె మూత బిగిస్తూ, "వానికి ఎర్క. నిరుటి సంది ఎర్క. టంకం మంచిగనే ఉండెనట" అన్నాను. బూటు తాడు కడుతున్న ఆయన చేతులు ఆగిపోయాయి. బయట బైకు హారన్ వినబడింది. ఒక బూటు తాడు వేలాడుతుండగానే లేచి వాకిట్లోకి పోయాడు.

"ఏరా, నేను ఎనకకు ఒస్తుంటె నువ్వు ఎక్కడ నిలవడ్తున్నవ్?"

"నిలవడే కాడనే బావా. ఎక్కు, టైమైతున్నది."

"ఎక్కడ్నో చెప్పు."

"అద్దంల కనవడ్త గదా నీకు."

"మంచిగ కనవడ్తున్నవ్. గందుకే అడుగుతున్న. చక్రం తోవలనా?"

తమ్ముడు బైకు ఇంజను ఆపాడు. మా ఆయనకు అదే జవాబయింది. మెల్లగా వెనక్కి వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. బూట్లు విప్పడం మొదలుపెట్టాడు.

"బావా, మనం సూస్కుందం. ఇన్ని దినాలు ఏం గాలేదు గదా."

"ఒక్కపారి అయితే, నిన్ను తొక్కొచ్చి మీ అక్కకు ఏం చెప్పాలెరా నేను? తలకాయ తిప్పేసరికి నువ్వు లేవు అని చెప్పాల్నా?" రెండో బూటు కూడా విప్పి పక్కన పెట్టాడు. "పోయి చెప్పు. నేను బండి ఎక్క అని. దవాఖానకు పోతున్న అని చెప్పు."

తమ్ముడు పోలేదు. బైకు స్టాండు వేసి వచ్చి, ఆయన పక్కన మెట్టు మీద కూర్చొని వెక్కి వెక్కి ఏడ్చాడు. పెద్దమనిషి, ఒక పిల్ల తండ్రి. మా ఆయన వాడిని చూడటానికి తల మొత్తం ఆ పక్కకు తిప్పి, "చల్, బర్రెను తోలేటోడా, షిఫ్టు మిస్సయితవ్" అని వీపు మీద ఒక్కటి వేశాడు.

పెద్ద దవాఖానలో నీటికాసుల జబ్బు అన్నారు, ఇంగ్లీషులో గ్లాకోమా అంటారట. పోయిన చూపు రాదు, ఉన్నది నిలబడాలంటే కంట్లో చుక్కలు వేసుకోవాలి అన్నారు. కంపెనీలో బండి దింపి, గేటు దగ్గర కూర్చునే తేలిక పని ఇచ్చారు. ఉద్యోగమైతే పూర్తిగా పోలేదు. కానీ ఆయన చాలా రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. గేటు దాటి పోయే డంపర్లను చప్పుడు బట్టి, ఇది ఎవరు నడుపుతున్నారో చెప్పేవాడట. అది విని నవ్వేవాళ్ళు నవ్వారు, నేను మాత్రం నవ్వలేకపోయాను. రాష్ట్రం వచ్చిన రోజు చౌరస్తా అంతా దీపాలు కట్టారు. తమ్ముడు ఆయన్ను బైకు మీద తీసుకుపోయాడు. అన్నీ ఒకేసారి కనబడవు కదా, ఆ మనిషి ఒక్కొక్క దీపం దగ్గరికి తల తిప్పి, వరసగా, ఒక్కటి కూడా విడవకుండా చూశాడని తమ్ముడు చెప్పాడు. తర్వాత కొన్నేళ్ళకు మా ఆయన గుండె ఆగి పోయాడు. అప్పటికి తమ్ముడు మనవడిని కూడా ఎత్తుకున్నాడు.

ఇప్పుడు తలుచుకుంటే ఆ మెట్టు మీద కూర్చున్న ఆయన ముఖం నాకు ఎదురుగా, స్పష్టంగా కనబడుతుంది. ఆ రోజు వాకిట్లో ఇంకా ఎవరున్నారు, ఎండ ఉందా మబ్బుందా, నేను ఏ చీర కట్టుకున్నాను, ఇవి ఒక్కొక్కటే ఎప్పుడు పోయాయో తెలియకుండా పోతున్నాయి. ఏళ్ళు గడిచినకొద్దీ చుట్టూ ఉన్నదంతా కరిగిపోయి, నడిమధ్యన ఆ ఒక్క ముఖమే మిగిలేటట్టుంది, నాకు అదే చాలు.